కమాన్లు మార్చిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం కలిసి తిన్నన్ని గుడ్లు ఏ హోటల్లోనూ తిని ఉండరు. ఉడకబెట్టుకున్నాం, వేయించుకున్నాం, అట్లు పోసుకున్నాం. చివరికి మా అత్త పళ్ళెం ముందు కూర్చుని, "అల్లుడూ, ఇంకో వారం ఇలాగే గడిస్తే నేను పొదగడం మొదలుపెడతాను" అంది.

తిన్నవన్నీ పగిలినవే. నాది గుడ్లు మోసే బండి, చిన్నపాటి లారీ. తెల్లారగానే ఊరి బయట కోళ్ళ ఫారంలో ట్రేలు ఎక్కించుకుని, పట్నంలో పెద్ద బేకరీకి చేర్చడం నా పని. బేకరీ ఆయన ఒక్కో ట్రేనీ లైటు ముందు పెట్టి చూసి, బీట పడ్డ గుడ్లు పక్కకు తీసి నాకిచ్చేసేవాడు. చలికాలంలో రోజుకి ఐదో ఆరో ఉండేవి. ఎండలు ముదిరేసరికి అరవై దాటాయి.

"బండికేమైనా అయిందా?" అని మా ఆవిడ అడిగింది.

"బండికేం? ఫారంలో కొత్త ట్రేలు తెచ్చారు. బొత్తిగా పల్చన" అన్నాను.

మర్నాడు రోడ్డు బాగాలేదన్నాను. ఆ మర్నాడు కోళ్ళకి సరైన మేత పెట్టడం లేదన్నాను. మా అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ట్రేల తప్పు, రోడ్డు తప్పు, కోళ్ళ తప్పు. ఇక మిగిలింది సూర్యుడొక్కడే."

"అదీ ఉంది అత్తయ్యా. ఎండకి పెంకు పల్చబడుతుంది."

"ఆడలేనివాడికి మద్దెల ఎప్పుడూ ఓడే" అని ఆవిడ ఇంకో అట్టు నా పళ్ళెంలో పడేసింది.

నిజం నాకు తెలుసు. బండి వెనక చక్రాల మీద, అటొకటి ఇటొకటి, బరువంతా మోసే ఇనుప పట్టాల కట్టలు ఉంటాయి. వాటినే కమాన్లంటాం. విల్లులా వంగి ఉండి, గతుకొచ్చినప్పుడు సాగి, మళ్ళీ వంగి, దెబ్బ పైదాకా రాకుండా మింగేస్తాయి. నా బండి కమాన్లు అరిగి, సాగి, చదునైపోయాయి. ఎడమ కట్టలో రెండు పట్టాలు విరిగే ఉన్నాయి. చిన్న రాయెక్కినా దెబ్బ నేరుగా గుడ్లకే. ఇది తెలుసుకోడానికి నేను బండి కిందకి దూరక్కర్లేదు, శబ్దం చాలు. పెళ్ళికి ముందు పదేళ్ళు నేను చేసిన పనే అది. చుట్టుపక్కల లారీల వాళ్ళు నన్ను కమాన్ల మేస్త్రీ అని పిలిచేవాళ్ళు.

మరి ఎందుకు మార్చుకోలేదంటారా? పన్నెండేళ్ళుగా నేను ఏ బండి కిందకీ దూరలేదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. పని ఎందుకు మానేశారని పెళ్ళైన కొత్తలో మా ఆవిడ అడిగితే, "ఓనరుతో పడలేదు" అన్నాను. ఆ మాటే ఖాయమైపోయింది.

ఒక ఉదయం బేకరీ ఆయన లైటు ఆర్పేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషి, గొంతు పెంచడు. అలాంటివాళ్ళు చెప్పే మాటలే గట్టిగా తగులుతాయి.

"ఇన్నేళ్ళలో మీరు ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. అందుకే ముందుగా చెబుతున్నాను. వానలు మొదలైతే ఆ రోడ్డు ఇంకా పాడవుతుంది. ఈలోగా ఇది బాగుపడకపోతే నేను ఇంకో బండి చూసుకోవాలి. ఏమనుకోకండి."

అటునుంచి అటే పట్నంలో రిపేరు షెడ్డుకి వెళ్ళాను. అక్కడి మేస్త్రీ వంగి చూసి పెదవి విరిచాడు.

"ఈ మోడలుకి కొత్త కట్టలు రావడం మానేసి చాలా కాలమైంది. పాతవి ఎక్కడైనా దొరికితే తీసుకురండి. అప్పుడైనా వానలు వెళ్ళేదాకా నాకు ఖాళీ లేదు." అంతలో నన్ను పరకాయించి చూశాడు. "మీరు కమాన్ల మేస్త్రీ కదూ? మీ బండి మీద నేను చెయ్యి వేసేదేంటండీ!"

అక్కడ నిలబడ్డ డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

మా ఆవిడ దర్జీ. వీధి గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని కుడుతుంది. ఆ రోజు నేను బండి వాకిట్లో ఆపి దిగేసరికి మిషను చప్పుడు ఆగింది. మెడలో టేపుతోనే బయటికి వచ్చి, బండి వెనక నిలబడి, తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వాల్చి చూసింది. తర్వాత టేపు తీసి ఎడమ వైపు చక్రం మీద నుంచి తొట్టి దాకా కొలిచింది. కుడివైపు కొలిచింది.

"ఎడమ భుజం నాలుగు వేళ్ళు దిగింది" అంది.

"పాత బండి కదా."

"మనిషికైతే లోపల దూది పెట్టి కుట్టేస్తాను. దీనికేం పెట్టాలి?"

నేను చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయాను. ఆవిడ ఇంకేం అడగలేదు. అడిగితే బాగుండేది. కోప్పడి తప్పించుకునేవాణ్ణి.

మర్నాడు నేను పట్నం నుంచి వచ్చి నిద్రపోయి లేచేసరికి, మా ఆవిడ బండి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో మిషనుకి నూనె వేసే సన్నమూతి డబ్బా. అందులో కిరోసిన్ పోసుకుని, కమాన్ల నట్ల మీద చుక్క చుక్కగా వేస్తోంది. మా అత్త గుమ్మంలోంచి చూస్తోంది.

"ఏం చేస్తున్నావు?"

"తుప్పు పట్టాయి. నాలుగు రోజులు నానితే ఊడతాయట. రేడియేటర్లకి అతుకు వేసే ఆయన్ని అడిగాను."

"ఊడదీసి ఏం చేస్తావు? కట్టలెక్కడున్నాయి?"

"ముందు ఊడనీండి" అంది తలెత్తకుండానే.

నాలుగు రోజులూ అదే పని. ఒకటి చెప్పాలి, నేను ఒక్కరోజు కూడా వద్దనలేదు. డబ్బాలో కిరోసిన్ అయిపోతే నింపి పెట్టాను కూడా. అంతకుమించి దగ్గరికి వెళ్ళలేకపోయాను.

ఐదో రోజు మా ఆవిడ మిషను మీద గుడ్డ కప్పి, కమాను పొడవు, వెడల్పు, పట్టాల సంఖ్య కాగితం మీద రాసుకుని బయల్దేరింది. పట్నానికి అవతల, పాత లారీలు విప్పి సామాను అమ్మే చోటు ఒకటి ఉంది. అక్కడికని చెప్పింది. మధ్యాహ్నం ఎండలో అద్దె బండి ఒకటి వచ్చి మా వాకిట్లో ఆగింది. లోపల రెండు కమాను కట్టలు. చూడగానే తెలిసింది, ఎక్కువ తిరగని బండివి, వంపు చెక్కుచెదరలేదు. పక్కన పట్టాల చివరి కన్నాల్లో దిగే బుష్‌లు, కట్టని ఇరుసుకి బిగించే కొత్త యూ బోల్టులు, అన్నీ సరిగ్గా సరిపడేవి. తెలిసినవాడు ఏరి ఇచ్చిన సామాను.

వాటి వెనక దుంగలు. బలమైన చెక్క, నాలుగు పలకలుగా కోసినవి. తొమ్మిది.

"ఇవెందుకు?" అన్నాను.

"ఆయనే ఇచ్చాడు. ఎనిమిది బండి కింద, నాలుగు అటు నాలుగు ఇటు. తొమ్మిదోది ఇరుసు కింద పెట్టమన్నాడు." మా ఆవిడ చెమట తుడుచుకుంది. "జాకీని నమ్మొద్దన్నాడు."

నేను దుంగ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను.

"ఎవరు?"

"కమాన్ల మేస్త్రీ బండికని చెప్పగానే అన్నీ తనే ఏరాడు. బక్కోడని చెప్పమన్నాడు. నేను నమ్మలేదు. మనిషి తలుపు పట్టనంత ఉన్నాడు."

బక్కోడు నా జతగాడు. పదేళ్ళు ఒకే షెడ్డులో, ఒకే బండి కింద, ఒకరి పక్కన ఒకరు పడుకుని పని చేశాం. ఒకరోజు ఒక లారీకి జాకీ పెట్టి ఎత్తింది నేను. కిందకి దూరింది వాడు. జాకీ జారింది. బండి వాడి కాలి మీదకి దిగింది. మళ్ళీ ఎత్తడానికి మాకు పట్టింది రెండు నిమిషాలే కావచ్చు, కానీ ఆ రెండు నిమిషాల వాడి కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కాలు ఉంది గానీ మునుపటిలా లేదు. ఆసుపత్రికి ఒక్కసారి వెళ్ళాను. తలుపు దగ్గర నుంచే తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత వాడి ఎదుట పడటానికి నాకు మొహం చెల్లలేదు. షెడ్డుకీ వెళ్ళలేదు.

ఇదంతా మా ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. తెలిసిందన్న సంగతి ఆవిడా దాచలేదు, చెప్పనూ లేదు. దుంగ ఒక చివర పట్టుకుని, "పట్టండి, దింపుదాం" అంది.

తొమ్మిదీ దింపాం.

ఆదివారం బేకరీకి సెలవు. పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఎత్తి, దుంగల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి, బండిని వాటి మీదకి దింపాను. చక్రం ఊడదీశాను. ఇరుసు కింద రెండో జాకీ, దాని పక్కనే తొమ్మిదో దుంగ. ఇంతవరకూ పని బయటి నుంచే. చేతులు ఏదీ మర్చిపోలేదు. పన్నెండేళ్ళ తర్వాత కూడా ఏ నట్టుకి ఏ పానా కావాలో చూడకుండానే అందుకుంటున్నాయి.

ఇక కిందకి దూరాలి. గోనె పరిచి పడుకున్నాను. తల లోపలికి వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి. అంతే, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. బయటికి వచ్చేశాను.

"గుడ్డ మర్చిపోయాను" అన్నాను.

గుడ్డ ఇచ్చారు. మళ్ళీ దూరాను, మళ్ళీ వచ్చేశాను. ఈసారి మంచినీళ్ళు. మూడోసారి ఏం చెప్పానో గుర్తు లేదు. చొక్కా మొత్తం తడిసిపోయింది. మా అత్త అంతసేపూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ నోటికి తాళం పడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

మా ఆవిడ ఇంట్లోకి వెళ్ళి చాప తెచ్చింది. నా గోనె పక్కన పరిచింది. కొంగు నడుముకి బిగించి, వెల్లకిలా పడుకుని, నాకంటే ముందు బండి కిందకి జరిగింది.

"ఏ నట్టు ముందు?" అంది లోపలి నుంచి.

ఆవిడ అక్కడుంటే నేను బయటెలా ఉంటాను? దూరాను. తలలు పక్కపక్కన, ముక్కుకి జానెడు పైన బండి అడుగు. గ్రీజు, తుప్పు, కిరోసిన్ కలిసిన పాత వాసన. ఒకప్పుడు నాకు ఇష్టమైన వాసన.

"ఇది" అని చూపించాను. "గడియారం తిరిగేవైపు కాదు, ఇటు."

"సీసా మూతలా."

"ఆ, సీసా మూతలా."

నాలుగు రోజులు నానిన నట్టు మొదట మొండికేసింది. తర్వాత కీచుమని ఏడ్చి కదిలింది. రెండోది కదిలింది. యూ బోల్టులు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. ఊపిరి దారికి వస్తోంది. విరిగిన పట్టాల చివర్లు ఆవిడకి చూపిస్తూ, "చూడు, ఇవి విరిగి ఏడాదైనా అయ్యుంటుంది, లోపలంతా నల్లబడింది" అంటున్నాను. అప్పుడే ఇరుసు కింది జాకీ నూనె కక్కేసింది.

ఇరుసు ధబ్బున పడింది. బండి మొత్తం అదిరింది. పైనుంచి మట్టి పెళ్ళలు మా మొహాల మీద రాలాయి. నేను కళ్ళు మూసుకుని, మా ఆవిడ తల మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. ఆ ఒక్క క్షణం నేను మళ్ళీ పాత షెడ్డులో ఉన్నాను.

కళ్ళు తెరిచాను. ఇరుసు మాకు అవతల, తొమ్మిదో దుంగ మీద కూర్చుని ఉంది. బండి ఎనిమిది దుంగల మీద ఉంది. వెంట్రుక వాసి కదల్లేదు. మా కాళ్ళున్నాయి, చేతులున్నాయి.

"బతికున్నారా?" బయట నుంచి మా అత్త కేక. "ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడండి!"

మా ఆవిడ నోట్లో మట్టి ఉమ్మేసింది. "అమ్మా, టీ పెట్టు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఇరుసుకి మోకాలు కొట్టుకుంది. ఆవిడా మొదలుపెట్టింది. బండి కింద మట్టి మొహాలతో మేం అలా నవ్వుతుంటే, మా అత్త వంగి చూసి, "ఇదేనా మీరు చేసే పని? ఇంతకాలం దీనికా ఇంత బెట్టు?" అని తిడుతూ లోపలికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ తర్వాత పని పరిగెత్తింది. జాకీకి నూనె పోసి మళ్ళీ నిలబెట్టాను. పాత కట్ట బయటికి లాగాం. కొత్త బుష్‌లు సమ్మెటతో దిగ్గొట్టాను. కొత్త కట్టని ఇద్దరం రెండు చివర్లా పట్టుకుని లేపాం. కట్ట మధ్యలో బోల్టు తల ఉంటుంది, అది ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. మా ఆవిడ కన్ను పెట్టి చూస్తూ, "ఇంకొంచెం, ఇంకొంచెం, నూలు వాసి. ఆ, కూర్చుంది" అంది. గుండీ కాజాలోకి వెళ్ళినట్టు వెళ్ళింది. ఎడమ వైపుకి పొద్దంతా పట్టింది. తర్వాతి ఆదివారం కుడివైపు భోజనాల వేళకే అయిపోయింది. ఆ రోజు నేను గోనె కూడా పరుచుకోలేదు.

బండి దింపాక మా ఆవిడ టేపు పట్టుకుని వెనక నిలబడింది. రెండు వైపులా కొలిచింది. టేపు చుట్టేసి మెడలో వేసుకుంది. దర్జీ అలా చేసిందంటే ఇక సర్దేదేమీ లేదన్నమాట.

సోమవారం బేకరీ ఆయన లైటు ముందు ట్రే పెట్టాడు. తీశాడు. ఇంకోటి పెట్టాడు. మొత్తం అయ్యాక చేతిలో రెండు గుడ్లు మిగిలాయి. వాటిని తిప్పి చూశాడు.

"ఈ రెండూ ఫారంలోనే పగిలాయి. బీటలో సొన ఎండిపోయి ఉంది. మీ బండివి కావు" అన్నాడు. తర్వాత అద్దాల మీదుగా నన్ను చూసి, "బండి మార్చారా?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను. వెళ్ళి ఖాళీ ట్రేలు బండిలో పేర్చుకున్నాను.

ఇంటికి వట్టి చేతుల్తో వెళ్తే మా అత్త గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది.

"గుడ్లేవీ?"

"లేవు అత్తయ్యా."

"లేకపోతే ఎలా? నేను ఉల్లిపాయలు తరిగాను కదా!" అని, తను అన్నది తనకే అర్థమై, గిన్నె అక్కడే పెట్టి రెండు చేతులతో నా మొహం పట్టుకుని ఊపేసింది. పళ్ళు కదిలాయి.

వారం చూశాం. ఏ రోజూ నాలుగు దాటలేదు. అప్పుడు మా ఆవిడ, "దుంగలు తిరిగి ఇచ్చి రావద్దూ?" అంది. అడగడంలో అంత తెలివి ఉంటుంది ఆవిడకి. సరకు దించాక ఇద్దరం దుంగలు ఎక్కించుకుని అటే వెళ్ళాం.

బక్కోడు విప్పిన లారీల మధ్య ఒక సీటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. లేచాడు. ఒక కాలు ఈడుస్తూ వచ్చాడు. నేను బండి పక్కనే నిలబడిపోయాను. వాడు నన్ను చూడకుండా తిన్నగా బండి వెనక్కి వెళ్ళి, వంగి, కమాను మీద వేలి కణుపులతో తట్టి, యూ బోల్టు నట్టు తిప్పి చూశాడు.

"మళ్ళీ బిగించావా, బండి తిరిగాక?"

"మూడో రోజు."

"మర్చిపోలేదన్నమాట." అప్పుడు నా వైపు తిరిగాడు. "నన్నేగా మర్చిపోయింది."

"ఒరేయ్, నేను రాలేకపోయాన్రా."

"తెలుసు. నువ్వొస్తావని తలుపు తీసి పెట్టుకుని ఏమీ కూర్చోలేదులే." వేళ్ళకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "జాకీ పెట్టింది నువ్వే. ఆగమన్నా ఆగకుండా దూరింది నేను. దుంగలకి టైము లేదు, కానివ్వండని తరిమింది ఓనరు. ముగ్గురం పంచుకోవాల్సింది నువ్వొక్కడివే మోసుకుపోయావు. ఎప్పుడూ ఇంతే నువ్వు, పెద్ద సమ్మెట నాకు ఇచ్చేవాడివి కాదు."

వాడి భుజం పట్టుకున్నాను. పట్టుకోడానికి చాలా ఉంది ఇప్పుడు.

దుంగలు దించబోతే వద్దన్నాడు. "ఉంచుకో. ఇక్కడికొచ్చే లారీల వాళ్ళంతా పాత కట్టలు కొంటారు, వేసేవాడెవడని నన్నే అడుగుతారు. మీ ఇల్లు చెప్పమంటావా?"

మా ఆవిడ ఎటో చూస్తోంది. వింటోందని నాకు తెలుసు.

"చెప్పు" అన్నాను.

"ఇద్దరు మేస్త్రీలని చెప్పన్నయ్యా" అంది మా ఆవిడ, ఎటో చూస్తూనే.

బక్కోడు ఆకాశం చూసి కాలు రుద్దుకున్నాడు. "చెప్తా చెల్లెమ్మా. త్వరగా బయల్దేరండి. దీనికి రేడియో కంటే ముందు తెలుస్తుంది, వానొస్తోంది."

సగం దారిలో వాన అందుకుంది. ఆ ఏటికి మొదటి వాన. గతుకులన్నీ నీళ్ళతో నిండి రోడ్డులో కలిసిపోయాయి. ఎక్కడ ఏ గుంట ఉందో కనిపించడం లేదు. చక్రాలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. కమాన్లు వంగుతున్నాయి, సాగుతున్నాయి. పైన మాకు మాత్రం పడవలో ఉన్నట్టు ఉంది. ఏదో చెబుదామని పక్కకి తిరిగాను. మా ఆవిడ తల తలుపుకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోతోంది. ఈ బండిలో ఎవరైనా నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు.

మా వీధి వచ్చింది. వాకిట్లో మా అత్త గొడుగు పట్టుకుని నిలబడి ఉంది, చెయ్యి ఊపింది. నేను పెదాల మీద వేలు పెట్టి చూపించి, హారను కొట్టకుండా, ఇల్లు దాటించి బండిని ముందుకి పోనిచ్చాను.